రాయి మీద భర్త పేరుంది, పుట్టింటి పేరు ఎక్కడ? వంశవృక్షం సైట్ల సమీక్ష

బందరులోనో, సికింద్రాబాద్‌లోనో, గుత్తి కోట కిందో పాత ఇంగ్లిష్ సమాధుల తోటలోకి వెళ్తే ఒకే మూసలో చెక్కిన రాళ్లు వరసగా కనిపిస్తాయి. పైన ‘సేక్రెడ్ టు ది మెమరీ ఆఫ్’ అని ఉంటుంది. కింద ఆమె పేరు ఒక్క ముక్క. ఆ కింద ఫలానా రెజిమెంటు కెప్టెన్ గారి ప్రియభార్య, చనిపోయిన తేదీ, వయసు 19 ఏళ్ల 4 నెలల 11 రోజులు. వయసుని రోజులతో సహా లెక్కకట్టి చెక్కించినవాళ్లు ఆమె ఎవరి కూతురో మాత్రం చెక్కించలేదు.

అందుకే ఈ సమీక్షలో ప్రతి సైటుకీ పెట్టిన పరీక్ష ఒక్కటే. ‘ఫలానావారి భార్య’ నుంచి ‘ఫలానావారి కూతురు’ దాకా మనల్ని తీసుకెళ్తుందా, లేదా? ఎన్ని కోట్ల రికార్డులున్నాయి, తెర ఎంత అందంగా ఉంది అన్నవి ఈ పనికి అక్కర్లేదు. 19వ శతాబ్దపు ఆడపిల్ల ఏ రికార్డులో చూసినా తండ్రి పేరు కిందో భర్త పేరు కిందో ఉంటుంది. ఆ రెండు పేర్లనీ కలిపే కాగితం ఏ సైటులో ఉంటే అదే మంచి సైటు.

సైటు తెరిచే ముందు రాయిని సరిగ్గా చదవాలి, సగం తప్పులు అక్కడే పుడతాయి. వెలుగు పక్కనుంచి వాలుగా పడే పొద్దుటి పూటో సాయంత్రమో ఫోటో తీయాలి. మిట్టమధ్యాహ్నం తీస్తే అక్షరాల నీడ పోయి 3 కాస్తా 8లా, 1 కాస్తా 7లా కనబడుతుంది. ఎండ పడని చోట ఒకరు అద్దం పట్టుకుని వెలుగుని పక్కనుంచి కొట్టిస్తే చాలు. మంచినీళ్లు, మెత్తటి బ్రష్ తప్ప ఇంకేమీ రాయికి తగలకూడదు. సుద్దముక్క, పిండి, యాసిడ్, తీగ బ్రష్ వాడితే పాలరాయి పై పొర లేచిపోతుంది, తర్వాత వచ్చినవాళ్లకి చదవడానికి ఏమీ మిగలదు. కొన్ని పాలరాళ్ల మీద సీసంతో పోసిన అక్షరాలు ఊడిపోయి ఉంటాయి. అక్కడ సీసం పట్టుకోవడానికి తొలిచిన చిన్న చిన్న రంధ్రాలు మిగులుతాయి. వాటి అమరికని దగ్గర్నుంచి ఫోటో తీసి, ఇంటికొచ్చాక పెద్దది చేసి చూస్తే ఏ అక్షరమో చాలాసార్లు పోల్చుకోవచ్చు.

మాటల్లోనూ మెలికలున్నాయి. ‘రెలిక్ట్’ అంటే బంధువు కాదు, వితంతువు. ‘ఏటాటిస్ 20’ అని లాటిన్‌లో ఉంటే తన 20వ ఏట పోయిందని, అంటే 19 నిండాయని. పుట్టిన ఏడు లెక్కకట్టేటప్పుడు ఇక్కడే ఒక ఏడాది తేడా వస్తుంది. ‘ఎం.ఎన్.ఐ.’ మద్రాస్ నేటివ్ ఇన్‌ఫంట్రీ. దాని ముందున్న అంకె చాలా విలువైనది, అదే రెజిమెంటు నంబరు. స్కాట్లండ్ కుటుంబమైతే అదృష్టం, అక్కడి ఆనవాయితీ ప్రకారం రాయి మీదే పుట్టింటి ఇంటిపేరు ఉండే అవకాశం ఎక్కువ.

ఇక సైట్లు. ఫైండ్ ఎ గ్రేవ్ ఉచితం. 1995లో మొదలైంది, 2013 నుంచి యాన్సెస్ట్రీ సంస్థ చేతిలో ఉంది. వాలంటీర్లు పెట్టిన సమాధి ఫోటోలే దీని బలం. వెతికేటప్పుడు పుట్టింటి ఇంటిపేరుని కూడా కలిపి వెతికే వీలుంది, అది తప్పకుండా పెట్టుకోవాలి. అమెరికా, ఇంగ్లండ్‌లకి దట్టంగా పనికొస్తుంది గానీ మన ఊళ్ల సమాధుల తోటలకి పలచగానే ఉంటుంది. ఒక్క జాగ్రత్త మరీ ముఖ్యం. ఫోటోలో రాయి మీద ఉన్నది సాక్ష్యం. పేజీలో పక్కన ‘తల్లిదండ్రులు’, ‘తోబుట్టువులు’ అని కలిపిన లింకులు ఎవరో ఊహించి పెట్టినవి కావచ్చు. ఆ లింకుల్ని దారి చూపించే గుర్తులుగా వాడాలి గానీ నోటుపుస్తకంలో నిజమని రాసుకోకూడదు. తోటకి స్వయంగా వెళ్లేవాళ్లకి బిలియన్‌గ్రేవ్స్ యాప్ మేలు, తీసిన ప్రతి ఫోటోతోపాటు రాయి ఎక్కడుందో జీపీఎస్ గుర్తు పడుతుంది. పొదలు పెరిగిన తోటలో ఆరు నెలల తర్వాత అదే రాయి దగ్గరికి మళ్లీ చేరాలంటే అది లేకుండా కష్టం. ఈ రెండూ రాయి దగ్గరే ఆగిపోతాయి, పుట్టింటి దాకా వెళ్లవు.

దక్షిణాసియాలోని యూరోపియన్ సమాధుల కోసం బాక్సా అనే బ్రిటిష్ సంఘం 1976 నుంచి పనిచేస్తోంది. తోటతోటకీ సర్వే చేసి, శాసనాలు రాసుకుని, పాడైనవాటి మరమ్మతుకి డబ్బు సాయం చేస్తుంది. దాని ఫైళ్లు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. ఇప్పుడు కూలిపోయిన రాయి మీద నలభై ఏళ్ల క్రితం ఏముందో తెలియాలంటే వీళ్ల సర్వేలే దిక్కు. అంతకంటే పాతది కావాలంటే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో జె.జె. కాటన్ 1905లో అచ్చువేయించిన మద్రాస్ ప్రెసిడెన్సీ సమాధి శాసనాల జాబితా ఉంది. బందరు, విశాఖపట్నం, బళ్లారి, కడప ప్రాంతాలన్నీ అందులోకి వస్తాయి. ఒక్కో శాసనం కింద ఆ మనిషి కుటుంబం గురించి కాటన్ రాసిన చిన్న వివరణలే అసలు నిధి. చాలాచోట్ల భార్య ఎవరి కూతురో ఆయనే తవ్వి రాసిపెట్టాడు. కాకపోతే చారిత్రక ప్రాముఖ్యం ఉందనుకున్నవాటినే తీసుకున్నాడు. సార్జెంట్ భార్యలు, గుమస్తాల కూతుళ్లు అందులో తక్కువ. నిజాం రాజ్యానికి ఓ.ఎస్. క్రాఫ్టన్ కూర్చిన ఇలాంటి జాబితాయే 1941లో వచ్చింది, సికింద్రాబాద్, బొల్లారం వైపు వెతికేవాళ్లు దాన్ని పట్టుకోవాలి.

నా లెక్కలో మొదట తెరవాల్సిన సైటు ఫిబిస్. బ్రిటిష్ ఇండియా కుటుంబాల చరిత్ర కోసం 1998లో పెట్టిన సంఘం ఇది. సభ్యత్వం లేకుండానే డేటాబేసులో వెతకొచ్చు. ఇందులో రిజిస్టర్లే కాకుండా పాత పత్రికల్లోని పెళ్లి, చావు ప్రకటనలు, ఓడల ప్రయాణికుల జాబితాలు, పింఛను నిధుల పట్టీలు వాలంటీర్లు ఎక్కించారు. పత్రిక ప్రకటన ఎందుకు ముఖ్యమంటే, రిజిస్టరులో లేని మాట అందులో ఉంటుంది. ‘స్వర్గీయ మేజర్ ఫలానావారి మూడో కుమార్తె’ అని పెళ్లి వార్తలో వేసేవాళ్లు. ఆ ఒక్క వాక్యంలో తండ్రి పేరు, ఆయన హోదా, ఆయన అప్పటికే లేడన్న సంగతి, ఇద్దరు అక్కలున్నారన్న సంగతి నాలుగూ దొరికిపోతాయి. ప్రకటనలో ‘ఇన్‌స్టంట్’ అంటే ఇదే నెల, ‘అల్టిమో’ అంటే పోయిన నెల. లండన్‌లో 1816 నుంచి 1845 దాకా వచ్చిన ఏషియాటిక్ జర్నల్‌లో మద్రాసు వార్తలు ఓడలో చేరాకే అచ్చయ్యేవి, కాబట్టి జనవరి చావు కోసం జూన్, జులై సంచికలు కూడా తిప్పాలి. ఫిబిస్‌కి అనుబంధంగా ఉన్న వికీ మరీ గొప్పది. ఏ రెజిమెంటు ఏ ఏడాది ఏ కంటోన్మెంటులో ఉందో, ఏ ఊరిని ఏ స్పెల్లింగుతో రాసేవారో అక్కడ చూసుకోవచ్చు. లోపమేమిటంటే వాలంటీర్లు ఎక్కించినంతే ఉంటుంది. దొరకలేదంటే రికార్డు లేదని కాదు.

స్పెల్లింగు సంగతి వచ్చింది కాబట్టి, మన ఊళ్ల పేర్లు తెలిసినవాళ్లకి ఇక్కడ విదేశీ పరిశోధకుల కంటే ఒక మెట్టు పైచేయి ఉంటుంది. మసులిపటమ్ అంటే బందరు, చికాకోల్ శ్రీకాకుళం, కోకనాడ కాకినాడ, బిమ్లిపటమ్ భీముని పట్నం, సామల్‌కోటా సామర్లకోట. ‘ఎల్లోర్’ మన ఏలూరు, దాన్ని వెల్లూరు అనో ఎల్లోరా గుహలనో అనుకుని ఇండెక్సు చేసినవాళ్లున్నారు. ‘బర్హంపూర్’ గంజాంలోనూ ఉంది, బెంగాల్లోనూ ఉంది. రెండిటికీ రికార్డు వరసలు వేరు. బ్రిటిష్ లైబ్రరీలో బెంగాల్ చర్చి రికార్డులు ఎన్/1, మద్రాసువి ఎన్/2, బొంబాయివి ఎన్/3. సికింద్రాబాద్ నిజాం రాజ్యంలో ఉన్నా అక్కడున్నది మద్రాసు సైన్యం, పాదిరి మద్రాసు కిందివాడు. అందుకే సికింద్రాబాద్ భూస్థాపనలు ఎన్/2లో ఉంటాయి. ఇది తెలియక బొంబాయి వరసలో వెతికి వదిలేసేవాళ్లు చాలామంది.

ఫ్యామిలీసెర్చ్ పూర్తిగా ఉచితం, లాగిన్ పెట్టుకుంటే చాలు. ఇండియాకి మూడు సంపుటాలున్నాయి. 1786 నుంచి 1947 దాకా బాప్తిస్మాలు, 1792 నుంచి 1948 దాకా పెళ్లిళ్లు, 1719 నుంచి 1948 దాకా చావులు, భూస్థాపనలు. ఇవి ఇండెక్సులే, రిజిస్టరు పేజీ బొమ్మ కనిపించదు. పెళ్లికి సాక్షి సంతకాలు, పాదిరి అంచున రాసిన మాటలు ఇక్కడికి రావు. చోటు దగ్గర ‘మద్రాస్, ఇండియా’ అని ఉంటే దాన్ని మద్రాసు నగరమని అనుకోవద్దు, మొత్తం ప్రెసిడెన్సీ కావచ్చు. అయినా ఈ సైటులో ఒక సదుపాయం కోసమే దీనికి పెద్ద పీట వేయాలి. పిల్ల పేరు, ఇంటిపేరు రెండూ ఖాళీగా వదిలేసి తండ్రి పూర్తి పేరు, తల్లి మొదటి పేరు మాత్రమే ఇచ్చి బాప్తిస్మాల్లో వెతకొచ్చు. ఆ దంపతుల పిల్లలంతా ఒక్కసారి తెర మీదికి వస్తారు. అందర్నీ పుట్టిన వరసలో కాగితం మీద రాసుకుంటే కుటుంబం ఏ ఏడాది ఏ ఊళ్లో ఉందో కూడా తేలిపోతుంది. ఇంటిపేరు స్పెల్లింగు నమ్మకం లేకపోతే మధ్యలో నక్షత్రం గుర్తు పెట్టాలి.

అసలు పేజీ చూడాలంటే ఫైండ్‌మైపాస్ట్. డబ్బు కట్టాలి. బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీసు (లండన్ నుంచి ఇండియా వ్యవహారాలు చూసిన శాఖ) చర్చి రికార్డుల బొమ్మల్ని 2014లో ఇక్కడ పెట్టారు. వీలునామాలు, సైనిక పింఛను నిధుల కాగితాలు కూడా ఉన్నాయి. ఏడాది చందా ఈ పనికి దండగ. పైన చెప్పిన ఉచిత సైట్లలో ముందు పని పూర్తిచేసి, చూడాల్సిన పేజీల జాబితా రాసుకుని, ఒక్క నెలకి కట్టి, కట్టిన రోజే ఆటోమేటిక్ రెన్యువల్ ఆపేస్తే సరిపోతుంది. లండన్ పరిసరాల్లో ఉండే మనవాళ్లకి ఆ ఖర్చూ అక్కర్లేదు, అక్కడి క్యూ (Kew) అనే పేటలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్ కంప్యూటర్లలో ఇది ఉచితం.

ఆ బొమ్మ చూసేటప్పుడు ఒక విషయం గుర్తుండాలి. అది బందరు పాదిరి చేతిరాత కాదు. పాదిరి పంపిన పట్టీ మద్రాసు చేరి, అక్కడ గుమస్తాలు నకలు రాసి, ఆ నకలు లండన్ వెళ్లింది. రాయి మీద ఒక తేదీ, రిజిస్టరులో ఇంకో తేదీ ఉంటే రాయిదే తప్పని తేల్చేయకూడదు. అనుమానం తీరాలంటే ఇక్కడి చర్చిలో మిగిలిన అసలు రిజిస్టరు చూడాలి. కాథలిక్కుల, బాప్టిస్టుల, లూథరన్ల ఎంట్రీలు లండన్ నకళ్లలో చాలా వరకు లేవు. ఐరిష్ సైనికుడి భార్య అయితే ఇది పెద్ద గండి. పైగా 1922లో డబ్లిన్ రికార్డు ఆఫీసు కాలిపోయి అక్కడి చర్చ్ ఆఫ్ ఐర్లండ్ (ప్రొటెస్టెంట్) రిజిస్టర్లు, పాత జనాభా లెక్కలు బోలెడు బూడిదయ్యాయి. అలాంటి కుటుంబాలకి ఇండియాలో రాసిన ఒక్క వరసే మిగిలిన ఆధారం కావచ్చు.

ఇప్పుడు పని వరస. రాయి మీది తేదీతో భూస్థాపన ఎంట్రీ పట్టుకోవాలి. చావుకీ భూస్థాపనకీ మధ్య సాధారణంగా ఒక రోజే తేడా, ఎండాకాలంలో అదే రోజు. ఆ తేదీకి ముందు వారం, తర్వాత రెండు వారాలు అదే పేజీల్లో భర్త ఇంటిపేరు వెతకాలి. 19, 20 ఏళ్ల అమ్మాయి చనిపోయినప్పుడు అదే వారంలో ఒక పసిబిడ్డ బాప్తిస్మం, కొద్ది రోజులకి ఆ బిడ్డ భూస్థాపన కనిపించడం మామూలు. తల్లి సమాధి మీద బిడ్డ పేరు ఉండకపోవచ్చు, రిజిస్టరులో ఉంటుంది. తర్వాత భర్త పేరుతో పెళ్లి వెతకాలి, చావు నుంచి వెనక్కి ఐదేళ్లు చాలు. తొందరపడి మొదట దొరికిన పెళ్లిని అంటించేయకూడదు. అదే అధికారి రెండో పెళ్లి, మూడో పెళ్లి కూడా అక్కడే ఉంటాయి. భార్య మొదటి పేరు, తేదీ రెండూ కలవాలి.

పెళ్లి ఎంట్రీలో అందరూ దాటేసే గడి ఒకటుంది, అదే ‘స్పిన్‌స్టర్’ (అంతకుముందు పెళ్లికానిది) లేదా ‘విడో’ (వితంతువు) అన్న గడి. ‘విడో’ అని ఉంటే పక్కనున్న ఇంటిపేరు తండ్రిది కాదు, పోయిన భర్తది. కంటోన్మెంట్లలో 18 ఏళ్లకే వితంతువై నెలల్లోనే మళ్లీ పెళ్లాడినవాళ్లు తక్కువేమీ కాదు. ఈ గడి చూడకుండా ముందుకెళ్తే లేని తండ్రిని ఏళ్ల తరబడి వెతుకుతారు. ‘స్పిన్‌స్టర్’ అయితే సాక్షుల పేర్లు చూడాలి. ఆమె ఇంటిపేరే ఉన్న సాక్షి తండ్రో అన్నో బాబాయో కావచ్చు. ఇంగ్లండ్‌లో 1837 నుంచి పెళ్లి రిజిస్టరులో తండ్రి పేరుకి గడి ఉంది గానీ, ఇండియా రిజిస్టర్లలో 1850ల దాకా ఉండదు. కాబట్టి ఆ ముందుకాలం పెళ్లిళ్లకి సాక్షులు, పత్రిక ప్రకటన, వీలునామా, ఈ మూడే దారులు. పెళ్లి ఇక్కడ దొరకకపోతే ఓడ దిగిన మద్రాసులోనో, బొంబాయిలోనో, ఓడెక్కక ముందు ఇంగ్లండ్‌లోనో జరిగి ఉంటుంది. సార్జెంట్ భార్య అయితే మద్రాసు సైనిక అనాథాశ్రమాల వైపు చూడాలి. ఆడపిల్లల ఆశ్రమం 1787లో పెట్టారు, అక్కడ పెరిగిన పిల్లల్ని సైనికులు పెళ్లాడటం పరిపాటి.

అన్నిటికంటే నిజం చెప్పే కాగితం వీలునామా. దీనికి మన హైదరాబాద్ అమ్మాయే మంచి ఉదాహరణ. కోఠీ రెసిడెన్సీలో రెసిడెంటుగా ఉన్న జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్‌కీ, ఖైరున్నిసాకీ 1802లో పుట్టిన కూతుర్ని ఇంట్లో సాహిబ్ బేగం అనేవారు. 1805లో అన్నతోపాటు ఇంగ్లండ్ ఓడెక్కించారు. అక్కడ బాప్తిస్మంతో ఆమె కాథరిన్ అరోరా కిర్క్‌పాట్రిక్ అయింది, జనం నోట కిట్టీ. 1829లో జేమ్స్ విన్స్‌లో ఫిలిప్స్‌ని పెళ్లాడింది, 1889లో ఇంగ్లండ్‌లోని టార్కీ (Torquay) ఊళ్లో పోయింది. ఫిలిప్స్ భార్యగా ఆమె సమాధి దగ్గర మొదలుపెట్టి పైన చెప్పిన సైట్లన్నిటిలో పేరు కొట్టినా హైదరాబాద్ బాప్తిస్మం రాదు, ఎందుకంటే అలాంటిది జరగనేలేదు. తల్లి పేరు ఇచ్చి వెతికినా ఎన్/2లో ఏమీ రాదు. దారి తండ్రి వైపు నుంచే తెరుచుకుంటుంది. కిర్క్‌పాట్రిక్ 1805 అక్టోబరులో కలకత్తాలో చనిపోయాడు, తన పిల్లల తల్లి పేరు వీలునామాలో రాశాడు. రిజిస్టరు దాచిన తల్లి పేరు వీలునామా చెప్పింది. ఇండియా ఆఫీసు వీలునామాలు ఎల్/ఏజీ/34/29 అన్న వరసలో ఉన్నాయి, ఫైండ్‌మైపాస్ట్‌లో బొమ్మలు చూడొచ్చు. మనిషి ఎక్కడ ఉద్యోగం చేశాడన్నది కాకుండా ఎక్కడ పోయాడో ఆ ప్రెసిడెన్సీ సంపుటాల్లో ముందు వెతకాలి. హైదరాబాద్ రెసిడెంటు అని మద్రాసు సంపుటాలే తిప్పితే దొరకకపోవచ్చు.

ఇండియా తల్లుల విషయంలో రిజిస్టర్లు చాలా అన్యాయంగా ఉన్నాయి. బాప్తిస్మం ఎంట్రీలో తండ్రి పేరు, హోదా నిండుగా రాసి తల్లి చోట ‘నేటివ్ వుమన్’ అని వదిలేసినవి ఎన్నో. ఇండెక్సులో అది ఖాళీ గడిగా మారుతుంది, వెతుకులాటలో ఎప్పటికీ తేలదు. అందుకే తండ్రి పేరుతో వచ్చిన ప్రతి ఎంట్రీ పేజీ బొమ్మనీ తెరిచి చూడటం తప్పదు. ‘నేచురల్ డాటర్’ అంటే పెళ్లి రికార్డు లేని సంబంధంలో పుట్టిన కూతురు. ఆ మాట కనిపిస్తే పెళ్లి కోసం వెతకడం మానేసి నేరుగా వీలునామాకి వెళ్లాలి.

ఊరి కథల్ని రికార్డుతో కలిపేయడం ఇంకో పొరపాటు. బందరు సెయింట్ మేరీస్ చర్చిలో అరబెల్లా రాబిన్సన్ సమాధి గురించి, మేజర్ జనరల్ జాన్ పేటర్ ప్రేమ గురించి ఊళ్లో చెప్పుకునే కథ విననివారుండరు. అలాంటి పేరు మీద పనిచేసేటప్పుడు కాగితాన్ని రెండు నిలువు వరసలుగా గీసుకోవాలి. రాయి, రిజిస్టరు, వీలునామా చెప్పినది ఒక వరసలో, జనం చెప్పినది ఇంకో వరసలో. రెండో వరసలోంచి మొదటి వరసలోకి ఏదైనా మారాలంటే పేజీ నంబరు కావాలి. ఆన్‌లైన్ వంశవృక్షాల్లో ఈ గీత లేకపోవడం వల్లే ఒకరు రాసిన ఊహ పదిమంది చెట్లలో నిజమై కూర్చుంటుంది.

బ్రిటన్ వైపు కుటుంబానికి రెండు మాటలు. 1841 జనాభా లెక్కల్లో 15 దాటినవాళ్ల వయసుని ఐదు గుణిజాలకి తగ్గించి రాసేవారు, 19 ఏళ్ల అమ్మాయి 15 అని కనిపిస్తుంది. 1851 నుంచి బంధుత్వం, పుట్టిన ఊరు రాశారు. చదువుకోసం పంపిన పిల్లల ఎదురుగా ‘ఈస్ట్ ఇండీస్’ అని ఉంటే ఆ తోబుట్టువుల బాప్తిస్మం మళ్లీ మన ఎన్/2లోనే దొరుకుతుంది. స్కాట్లండ్‌లో 1855 నుంచి చావు సర్టిఫికెట్‌లోనే తల్లిదండ్రులిద్దరి పేర్లూ, తల్లి పుట్టింటి ఇంటిపేరూ ఉంటాయి. ఇండియాలో పోయిన అమ్మాయికి అది ఉండదు గానీ, అక్కడే ఉండిపోయిన ఆమె అక్కకో తమ్ముడికో ఉంటుంది. ఆ సర్టిఫికెట్‌తో ఈమె తల్లి పేరు కూడా దొరికినట్టే.

దొరికిన ప్రతి ఎంట్రీ పక్కన ఎన్/2, సంపుటం నంబరు, ఫోలియో (రిజిస్టరు ఆకు) నంబరు మూడూ రాసుకోండి, పేజీ బొమ్మని సొంత కంప్యూటర్లో దాచుకోండి. 2023 అక్టోబరు సైబర్ దాడి తర్వాత బ్రిటిష్ లైబ్రరీ ఆన్‌లైన్ సేవలు చాలాకాలం దెబ్బతిన్నాయి. లింకు మాత్రమే దాచుకున్నవాళ్ల చేతిలో అప్పుడు ఏమీ మిగల్లేదు, నంబర్లు ఉన్నవాళ్లు అదే పేజీని ఇంకోచోట తెరుచుకోగలిగారు.